సగం పుస్తకాల క్లబ్బు

"శనివారం బడి సభలో, మైకు ముందు, అందరూ వినేలా క్షమాపణ చెప్పాలి. చెబితే నేను వస్తాను. చెప్పకపోతే నేనూ రాను, ఆ క్లబ్బూ ఉండదు."

మాస్టారు ఈ మాట గోడతో అన్నారు. నిన్నటి నుంచి ఆయన పడక్కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. టీ అక్కడే, పేపరు అక్కడే, అలక కూడా అక్కడే. గోడ పాపం నోరెత్తకుండా అన్నీ వింటోంది.

కోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో పని ఆపలేదు.

"చెప్పదు మావయ్యగారూ," అంది.

"ఏమన్నావు?"

"మీ మనవరాలు క్షమాపణ చెప్పదు. నేను చెప్పించను."

పక్కగదిలో కళ్ళజోడు తుడుచుకుంటున్న కొడుకు చెయ్యి ఆగిపోయింది. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తాడు గానీ, ఇంట్లో తండ్రికీ భార్యకీ మాటామాటా పెరిగితే మాత్రం తనకేమీ కనబడనట్టే కూర్చుంటాడు.

"విన్నావట్రా?" అన్నారు మాస్టారు, గోడతోనే.

"విన్నాను నాన్నా."

"విని?"

కొడుకు నీళ్ళు నమిలాడు. "చిన్నపిల్ల కదా నాన్నా. ఏదో నోటికొచ్చింది అనేసింది..."

"నోటికొచ్చింది అనలేదు," అంది కోడలు. "ఆలోచించుకునే అంది."

"చూశావా, ఆలోచించుకుని మరీ అందట."

కూతుర్ని వెనకేసుకు రాబోతే నిప్పులో నెయ్యి పోసినట్టయింది. కోడలికి ఆ సంగతి తెలిసినా, మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. నిజం నిజమే.

ఆ పిల్లని ఇంట్లో వకీలు అంటారు. మూడేళ్ళప్పుడు మధ్యాహ్నం పడుకోమంటే, కిటికీలోంచి పడే ఎండను వేలుతో చూపించి ఇంకా తెల్లగానే ఉందిగా అని వాదించిందట. అప్పుడు ఆ పేరు పెట్టింది మాస్టారే. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా ఆయనే. ఆ వకీలు ఇప్పుడు ఏడో తరగతి. బుధవారంనాడు తాతయ్య మీదే వాదించి వచ్చింది, ప్రతివాది ఎవరో తెలియకుండా.

కోడలు వకీలు చదివే బడిలోనే లైబ్రరీ టీచరు. ఇదివరకు అక్కడ పిల్లలు చదివిన ప్రతి పుస్తకానికీ గోడ మీద ఒక నక్షత్రం అంటించేవాళ్ళు. పిల్లలు గడుసువాళ్ళు. మొదటి పేజీ, చివరి పేజీ చూసి నక్షత్రాలు దండుకునేవారు. ఒకమ్మాయి పేరు పక్కన చోటు చాలనన్ని నక్షత్రాలు పోగయ్యాయి. ఏదీ, ఒక్క కథ చెప్పమ్మా అంటే నేల చూపులు చూసింది. ఆ సాయంత్రమే టీచరు కుర్చీ ఎక్కి నక్షత్రాలన్నీ పీకేసి, సగం పుస్తకాల క్లబ్బు పెట్టింది.

ఆ క్లబ్బులో ఎన్ని పుస్తకాలు పూర్తిచేశావని ఎవరూ అడగరు. ఏది ఆపేశావు, ఎక్కడ ఆపేశావు, ఎందుకు ఆపేశావు, అదే చెప్పాలి. పుస్తకాలకు ఒకే రంగు అట్టలు వేసి, పేరున్న పేజీలు క్లిప్పు పెట్టి మూసి, బుట్టలో పెడతారు. రాసిందెవరో తెలియకుండా చదవాలి, చెప్పడం అయ్యాక అందరి ముందూ అట్ట విప్పాలి. విచిత్రం ఏమిటంటే, ఎవరైనా ఒక పుస్తకం ఆపేశానని చెబితే చాలు, అందులో ఏముందో చూడాలని మర్నాడు మిగిలినవాళ్ళు దానికోసం ఎగబడతారు. నక్షత్రాలకు లొంగని పిల్లలు కూడా ఇలా చదువుల్లో పడ్డారు.

బుధవారం వకీలు వంతు.

"ఇందులో ఒక పిల్లాడు బజార్లో తప్పిపోతాడు," అంది వకీలు, పుస్తకం గుండెలకు ఆనించుకుని. "వాళ్ళమ్మ వెతుక్కుంటూ బయల్దేరుతుంది. పిల్లాడికి ఒక పెద్దాయన కనబడతాడు. ఇల్లెక్కడని అడిగి దింపెయ్యచ్చు కదా. దింపడు. నిజాయితీ అంటే ఏంటో చెప్తాడు. క్రమశిక్షణ అంటే ఏంటో చెప్తాడు. పేజీ తిప్పితే మళ్ళీ చెప్తూనే ఉంటాడు. అవతల వాళ్ళమ్మ ఎంత కంగారు పడుతోందో. నాకు ఆవిడ మీద బెంగ పట్టుకుంది. అందుకే ఆపేశాను."

గది ఘొల్లుమంది. వకీలు అట్ట విప్పింది. లోపల తాతయ్య పేరు.

మాస్టారు ఒకప్పుడు ఆ బడికే హెడ్మాస్టరు. ఇప్పుడు బడి కమిటీలో పెద్ద. వయసులో ఉండగా పిల్లల కోసం ఆయన రాసిన ఒకే ఒక నవల అది. ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు బహుమతిగా ఇస్తారు. మనవరాలైనా సరే, ఎనిమిదికి వచ్చాకే చదవాలని ఆయన నియమం. అందుకే ఇంట్లో అద్దాల బీరువాలో తాళంలో ఉన్న పుస్తకాన్ని వకీలు బయటినుంచి చూడటమే గానీ ఒక్క వాక్యం చదివి ఎరగదు.

పేరు చూడగానే పిల్ల ముఖం పాలిపోయింది. గదిలో నవ్వులు ఆగిపోయాయి. 

"మా తాతయ్య రాసిందే," అంది. "అయినా నేను ఆపింది అక్కడే."

చెప్పి కూర్చుంది. కూతుర్ని చూసి టీచరుకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. ఇంటికెళ్ళాక ఏమవుతుందో అన్న ఆలోచన ఆ తర్వాత గానీ రాలేదు.

"అట్టలు వేసింది నువ్వు," అంటున్నారు మాస్టారు ఇప్పుడు. "బుట్టలో పెట్టింది నువ్వు. ఆ పుస్తకం దానంతటది నడుచుకుంటూ వచ్చి బుట్టలో కూర్చుందా?"

"ఎలా వచ్చిందో నాకు నిజంగా తెలియదు మావయ్యగారూ. ఆదివారం ఈ హాల్లోనే కదా అట్టలు వేశాం. మీరూ చూశారు."

"చూశాను. నా పుస్తకానికి వేస్తున్నారని మాత్రం చూడలేదు. నా మీద ఇంత మనసులో పెట్టుకున్నావని తెలియలేదమ్మా."

ఈ మాట కోడలికి చివుక్కుమనిపించింది.  వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు అప్పుడే ఆగింది.  తర్వాత అత్తయ్య మళ్ళీ గిన్నె తీసిన చప్పుడు వినబడింది.

గుమ్మంలో వకీలు నిలబడి ఉంది. "తాతయ్యా," అంది.

గోడ వైపు ఉన్న తల కదల్లేదు. పిల్ల కాసేపు చూసి వెళ్ళిపోయింది. పొద్దున్నుంచీ ఆ పిల్ల ఎవరితోనూ వాదించలేదు. పాలు వద్దనలేదు, జడ బిగుతుగా ఉందనలేదు. కోడలికి అన్నిటికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది.

గదిలోకి రాగానే భర్త గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట. క్షమించు తాతయ్యా అంటే దాని నోరేం అరిగిపోదుగా."

"దేనికి క్షమించాలి?"

"ఏదో ఒకదానికి. ఆయనకి కావలసింది ఆ మాట. నీకు కావలసింది క్లబ్బు. ఇద్దరికీ పని జరిగిపోతుంది."

"మీ దుకాణానికి వచ్చినవాళ్ళని అక్షరాలు చదవమంటారు కదా. ఎవరైనా కనబడటంలేదంటే, కనబడుతోందని చెప్పు, మా మనసు నొచ్చుకుంటుంది అంటారా?"

అతను కళ్ళజోడు తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అనను."

"ఆ క్లబ్బులో ఉన్నది ఒక్కటే. మనసులో ఉన్నది చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరని పిల్లలు నమ్మారు. శనివారం సొంత టీచరు కూతురే స్టేజీ ఎక్కి తప్పయింది అంటే, సోమవారం నుంచి ప్రతి పుస్తకం అద్భుతంగా ఉందనే చెప్తారు. క్లబ్బు తలుపు తెరిచే ఉంటుంది, లోపల మళ్ళీ నక్షత్రాలే. దానికంటే మూసేసుకోవడమే నయం."

"మూసేస్తే నువ్వు తట్టుకోగలవా?"

ఆమె క్లబ్బు లేని బుధవారం ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, ఇష్టం లేక మానేసింది.

"మూతబడదు," అంది. "మీరు చూస్తూ ఉండండి."

*

శుక్రవారం పొద్దున్న పెద్ద మేడమ్ పిలిపించింది. హెడ్మిస్ట్రెస్ గదిలో ఫ్యాను తిరిగినప్పుడల్లా బల్ల మీద కాగితాలు లేచి పడుతుంటాయి. ఆవిడ వాటి మీద చెయ్యి వేసుకునే మాట్లాడుతుంది.

"మాస్టారు పొద్దున్నే ఫోన్ చేశారు. క్లబ్బు పీరియడ్‌లో చేతిరాత పెట్టమన్నారు. కమిటీలో ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మీకు తెలియనిది కాదుగా."

"తెలుసు మేడమ్."

"మరి పాపతో ఒక్క మాట..."

"అది తప్ప ఇంకేదైనా చెప్పండి, చేస్తాను."

పెద్ద మేడమ్ నిట్టూర్చింది. మనిషి మంచిదే. కాకపోతే ఎవరికీ కోపం రాకూడదనుకుంటుంది, అందువల్ల అందరికీ కాస్త కాస్త కోపం తెప్పిస్తూ ఉంటుంది.

"నాకు మాత్రం ఆ క్లబ్బు మాన్పించాలని ఉందా చెప్పండి. మొన్న మన లైబ్రరీలో కుర్చీలు చాల్లేదంటే నాకెంత సంతోషమేసిందో. కానీ రేపటి సభకి ముఖ్య అతిథి ఆయన. సాయంత్రం నేను ఇంటికి ఫోన్ చేస్తాను. వస్తానంటే క్లబ్బు ఉంటుంది. రానంటే సోమవారం నుంచి చేతిరాత. నాకు ఇంతకంటే దారి కనబడటంలేదు."

"చెయ్యండి మేడమ్. ఈలోగా ఆయన వచ్చేలా చూస్తాను."

"ఎలా?"

"అది ఇంకా తెలియదు."

ఎలాగో తెలియకపోయినా ఆ మాట ఎంత ధీమాగా అందంటే, పెద్ద మేడమ్ కాగితాల మీదినుంచి చెయ్యి తీసేసింది. అవి కాస్తా గదంతా ఎగిరాయి.

లైబ్రరీ ముందు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. టీచరును చూడగానే చుట్టుముట్టారు.

"టీచర్, ఆ బజారు పుస్తకం నాకివ్వండి."

"కాదు టీచర్, ముందు నేనడిగాను."

"అది మాస్టారిది, ఎనిమిదికి వచ్చాకే ఇస్తారు," అంది ఒక పెద్దపిల్ల.

"అంతవరకూ ఎవరాగుతారు. టీచర్, మీరు చెప్పండి. వాళ్ళమ్మకి పిల్లాడు దొరికాడా?"

టీచరు నోరు తెరిచింది. పెళ్ళయిన కొత్తలో మావయ్యగారి మెప్పు కోసం ఆ నవల మొత్తం చదివింది ఆమె. పిల్లాడు పెద్దాయన దగ్గర చదువుకోవడం గుర్తుంది, పెద్ద ఉద్యోగం రావడం గుర్తుంది, చివర చప్పట్లు గుర్తున్నాయి. తల్లి మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు.

"మర్చిపోయానమ్మా," అంది. మర్చిపోయినందుకు సిగ్గేసింది కూడా.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుర్చీ గోడవైపే ఉంది. కొడుకు దుకాణం త్వరగా కట్టేసి వచ్చి, ఏం చెయ్యాలో తోచక హాల్లో కిటికీ అద్దాలు తుడుస్తున్నాడు. వకీలు మెట్ల మీద కూర్చుని ఉంది.

"మావయ్యగారూ, కాసేపట్లో పెద్ద మేడమ్ ఫోన్ చేస్తారు. మీరు రేపు రావాలి. క్షమాపణ ఉండదు. అయినా రావాలి."

"ఎందుకు రావాలి?"

"బళ్ళో పిల్లలు మీ పుస్తకం కోసం కొట్టుకుంటున్నారు కాబట్టి."

"నవ్వుకోవడానికి."

"కాదు. చదవడానికి."

"నన్ను బుట్టలో పెట్టి నవ్వించిందీ నువ్వే, ఇప్పుడు రమ్మని బతిమాలేదీ నువ్వే. నీ ఆటలు నాకు అర్థం కావమ్మా."

"కోడలినేమీ అనకండి."

అత్తయ్య గొంతు అది. చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది. మాస్టారి ముందు ఆవిడ గొంతు లేవడం ఈ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలంతా మెచ్చుకునే ఇల్లాలు.

"బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో మీకు గుర్తు రాలేదా? తీసింది నేను. అట్ట వేసింది నేను. బుట్టలో పెట్టిందీ నేనే."

మాస్టారి తల గోడవైపునుంచి ఇటు తిరిగింది. కుర్చీ ఇంకా తిరగలేదు.

"నువ్వా?"

"నేనే."

"ఎందుకు?"

అత్తయ్య బొడ్లోంచి తాళంచెవుల గుత్తి తీసి చేతిలో పట్టుకుంది. దాని వంకే చూస్తూ చెప్పింది.

"ఇన్నేళ్ళ నుంచీ ఆ పుస్తకాన్ని అందరూ పొగుడుతూనే ఉన్నారు. పొగిడినవాళ్ళంతా మీ దగ్గర చదువుకున్నవాళ్ళు, లేకపోతే మీ కింద పనిచేసినవాళ్ళు. మీరెవరో తెలియకుండా ఒక్క పిల్ల చదివితే ఏమంటుందో వినాలనిపించింది. మన పిల్ల చేతికే వెళ్తుందని నేనేమైనా కలగన్నానా?"

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే ఒప్పుకునేవారా?"

మాస్టారు మెల్లగా అడిగారు.

"అంటే నీకూ నచ్చలేదన్నమాట."

"నాకు చాలా నచ్చింది," అంది అత్తయ్య. "ఆ పెద్దాయన వచ్చేదాకా."

కొడుకు కిటికీవైపు తిరిగి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. కోడలు పెదవి గట్టిగా కొరుక్కుంది. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది. అనుమానం తన మీదినుంచి తొలగినందుకు ఆనందించాలో, అత్తయ్యను కౌగిలించుకోవాలో తెలియలేదు. ఈ ఇంట్లో అన్నిటికంటే ముందు పుట్టిన సగం పుస్తకాల క్లబ్బు వంటింట్లో ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

మాస్టారు కుర్చీ ఇటు తిప్పారు. ముఖం వాడిపోయి ఉంది. రెండు రోజుల కోపం దిగిపోతే లోపల ఇంత ముసలితనం ఉందా అనిపించి కోడలికి జాలేసింది. అయినా క్షమాపణ మాట మాత్రం ఎత్తలేదు.

మెట్ల మీదినుంచి వకీలు వచ్చి తాతయ్య మోకాళ్ళ ముందు నిలబడింది.

"తాతయ్యా, ఒకటి అడగనా?"

"అడుగు. నువ్వు అడక్కపోతే ఆగుతావా?"

రెండు రోజుల తర్వాత ఆయన పిల్లతో అన్న మొదటి మాట అది. వకీలు ముఖంలోకి కాస్త వెలుగు వచ్చింది.

"క్లాసులో అందరూ నన్నే అడుగుతున్నారు. వాళ్ళమ్మకి పిల్లాడు దొరికాడా?"

"దొరక్కేం. పెద్దాయన వాణ్ణి తన ఇంటికి తీసుకెళ్తాడు. చదివిస్తాడు. వాడు క్లాసులో ఫస్టు వస్తాడు, పతకం తెచ్చుకుంటాడు, పెద్ద అధికారి అవుతాడు. చివర సభలో వాడు మాట్లాడతాడు. నువ్వు అక్కడిదాకా చదవాల్సింది."

"బాగుంది తాతయ్యా. వాళ్ళమ్మ?"

"వాళ్ళమ్మ సభకి వస్తుంది. ముందు వరసలో..."

మాస్టారు ఆగారు. నుదురు ముడిపడింది.

"ముందు వరసలో కూర్చున్నది పెద్దాయన," అన్నారు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "మరి ఆవిడ... ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

అత్తయ్య బీరువాలోంచి మరో ప్రతి తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన చివరి పేజీలు తీశారు. వేలు వరస వెంట పరిగెత్తింది. వెనక్కి తిప్పారు. పతకం దగ్గర చూశారు, పరీక్షల దగ్గర చూశారు, పెద్దాయన ఇంటి దగ్గర చూశారు.  కొడుకు గుడ్డ కిందపెట్టి దగ్గరికి వచ్చాడు. కోడలికి ఇప్పుడు అర్థమైంది. పొద్దున్న తను మర్చిపోయింది ఏమీ లేదు. అక్కడ లేనిది గుర్తెలా వస్తుంది?

మాస్టారి వేలు వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి, బజారు దగ్గర ఆగింది. అక్కడ ఆవిడ ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి, కనబడ్డ ప్రతి దుకాణంలోనూ కొడుకు ఆనవాళ్ళు చెబుతోంది. ఆ తర్వాత పేజీలో పెద్దాయన మొదలవుతాడు.

"ఇంటికి రాలేదు," అన్నారు మాస్టారు.  "వాడు అధికారి అయ్యాడు గానీ, ఆవిడ ఇంటికి రాలేదు. నేను మర్చిపోయాను. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు."

"నేను అడిగాను కదా," అంది వకీలు.

ఆయన చెయ్యి లేచి పిల్ల తలమీద పడింది. నిమరలేదు, తియ్యనూ లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. కోడలు తీసింది. పెద్ద మేడమ్ గొంతు కంగారుగా ఉంది. కమిటీవాళ్ళు ఎదురుగానే కూర్చున్నారట, మాస్టారు రేపు వస్తున్నారో లేదో, క్లబ్బు ఉందో లేదో ఇప్పుడే ఒక్క మాటలో చెప్పమంటున్నారట.

"మావయ్యగారూ," అంది కోడలు, రిసీవరు ముందుకు చాపి. "మీ మాట కోసం ఆగారు."

మాస్టారు తలెత్తలేదు. కొడుకు జేబులోంచి కలం లాగి, మూత పళ్ళతో తీశారు. అచ్చయిన పేజీ పక్కన ఖాళీ వెతుక్కుంటున్నారు.

"ఇంకాసేపు ఆగమనమ్మా," అన్నారు. "ఇక్కడ ఒకావిడ బజార్లో ఉండిపోయింది."